పదడుగుల షావుకారు గిటారు బేరం

ఆ చెప్పుల కొట్టులో అన్నిటికన్నా విలువైనది తివాచీ. గుమ్మం పక్క, వీధిలోకి కనపడే అద్దం నుంచి వెనక గది తలుపు దాకా పరిచిన బూడిదరంగు తివాచీ, సరిగ్గా పది అడుగులు. జోడు తొడుక్కున్నవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, ఆ పది అడుగులూ నడిచి, అంతా చూస్తుండగా వెనక్కి తిరిగి రావాలి. అప్పటిదాకా షావుకారు బిల్లు రాయనివ్వడు. తొందరలో ఉన్నామని ఎవరైనా అంటే, "తొందర మీది, కాలు మీది, పుండు పడితే చెడ్డపేరు మాత్రం నాది. నడవండి," అంటాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ కొట్టుకి తిరిగొచ్చిన జోళ్ళు పందొమ్మిది. అవి ఎవరివో, ఏ వేలు దగ్గర నొక్కాయో నిద్రలో లేపి అడిగినా ఆయన చెప్పగలడు. బజారంతా ఆయన్ని పదడుగుల షావుకారంటుంది. వెక్కిరింపుగా పుట్టిన ఆ పేరు పొగడ్తగా ఎప్పుడు మారిందో కూడా ఆయనకి తెలుసు. పక్క వీధి చెప్పుల కొట్టు మూతపడ్డ రోజున.

కొట్టులో బిల్లు బల్ల భార్యది, అమ్మకం కూతురిది. చిక్కల్లా కూతురితోనే వచ్చింది.

"నాన్నా, వెనక గది నాకియ్యి. జోళ్ళ ఫొటోలు ఫోనులో పెడతాను. ఆర్డరొస్తే డబ్బా కట్టి పార్శిల్ పంపిస్తాను."

"నడవకుండానే?"

"వాళ్ళింట్లో నడుచుకుంటారు. నచ్చకపోతే ఏడు రోజుల్లో తిప్పి పంపిస్తారు."

"అమ్మడూ, కాలు చూడకుండా జోడు అమ్మడమంటే రోగి మొహం చూడకుండా మందివ్వడమే."

"ఎదురు మందుల కొట్టావిడ చేసేది అదేగా? చీటీ చూసి ఇస్తుంది, మొహం చూసి కాదు."

"ఆవిడ సంగతి నా దగ్గర ఎత్తకు. ఇరవయ్యేళ్ళుగా ఎదురుగా ఉంది. వారానికోసారి వచ్చి మన అద్దం ముందు నిలబడి ఆ గోధుమరంగు బూట్ల వంక చూస్తుంది. లోపలికి మాత్రం రాదు. ఆ రబ్బరు చెప్పులు అరిగిపోతే మళ్ళీ రబ్బరు చెప్పులే. అంత పిసినారిని నేను చూడలేదు."

"మాట మార్చకు నాన్నా."

బిల్లు బల్ల దగ్గర భార్య దగ్గి నవ్వు దాచుకుంది. ఆ దగ్గే కొంప ముంచింది. షావుకారుకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"సరే, ఇద్దరూ వినండి. ఈ ఇంట్లో ఎవరైనా ఒక్క వస్తువు, ముట్టుకోకుండా, పరీక్ష చెయ్యకుండా పార్శిల్లో తెప్పించి, అది అతికినట్టు సరిపోయిందని నాకు చూపించండి. ఆ క్షణం నుంచి వెనక గది నీది."

"ఎవరైనా అంటే ఎవరైనా?"

"ఎవరైనా."

"అమ్మా, నువ్వే సాక్షి."

పందెం వేసేటప్పుడు ఇంట్లో మనుషుల్ని షావుకారు సరిగానే లెక్కపెట్టాడు, ఒక్కణ్ణి తప్ప. తనని.

ఎలక్ట్రిక్ గిటారు మీద ఆయనకి పద్దెనిమిదో ఏట మనసైంది. మేడ మీద అద్దెకున్న గుమాస్తా ఒకడు సాయంత్రాలు వాయిస్తుంటే కింద గదిలో గ్లాసుల్లో నీళ్ళు వణికేవి. అప్పట్లో కొనే స్తోమత లేదు. తర్వాత తీరిక లేదు. ఆ పైన వయసుకి తగదనుకుని, అమ్ముడుపోని సైజులా ఆ కోరికని అటక మీదకి ఎక్కించాడు. యాభై ఎనిమిదో ఏట ఏదో సర్దుతుంటే కింద పడినట్టు, అది మళ్ళీ నెత్తిన పడింది.

న్యాయంగా చెప్పాలంటే, వాయిద్యాల కొట్టులో చూసి కొందామనే బయల్దేరాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాడు. రెండోసారి అద్దంలోంచి చూశాడు. మూడోసారి లోపలికి అడుగు పెట్టాడు.

"రండి అంకుల్. ఎవరికి?" అన్నాడు కొట్టువాడు.

"మా అల్లుడికి."

"కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?"

"ఇంకా చూడలేదు."

కూతురికి ఇంకా పెళ్ళే కాలేదు మరి. కొట్టువాడు వింతగా చూసి, ఒక గిటారు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "పోనీ మీరే వాయించి చూడండి."

అక్కడున్న ఐదుగురు పడుచువాళ్ళూ తమ వాయింపు ఆపి, ఆయన వంక తిరిగారు. వేలకు వేల పాదాలు పట్టుకుని జోళ్ళు తొడిగిన చేతులు, ఒక్క తీగ మీటలేక కొయ్యబారిపోయాయి. "బండి అడ్డంగా పెట్టొచ్చాను," అని గిటారు తిరిగిచ్చేసి బయటపడ్డాడు. ఆయనకి బండి లేదు. నడిచి ఇంటికొచ్చాడు.

ఆ వారమే, భార్యా కూతురూ భోజనానికి వెళ్ళిన సమయం చూసి, వెనక గదిలో పెట్టెల మధ్య కూర్చుని ఫోనులో ఆర్డరు పెట్టేశాడు. సైజు అడగకుండా ఆర్డరు తీసుకోవడం ఆయనకి నచ్చలేదు గానీ, రంగు మాత్రం అడిగారు. పండు ఎరుపు అన్నాడు. ఆ రంగు బూట్లు తన కొట్టులో మొత్తం నాలుగు జతలు అమ్ముడుపోయాయి, అదీ తగ్గింపు ధరకి. ఆ లెక్క తెలిసి కూడా ఎరుపే అన్నాడు.

పార్శిల్ కూడా భోజనాల వేళకే వస్తుందనుకున్నాడు. అది ఉదయం పదకొండింటికి, కొట్టు నిండా జనం ఉండగా వచ్చింది. మనిషంత పొడుగు అట్టపెట్టె.

"ఏంటి నాన్నా ఇది?"

"వానాకాలం బూట్లు. నమూనా."

"ఏనుగుకా?"

ఆయన వినిపించుకోకుండా దాన్ని మోసుకెళ్ళి వెనక గది తలుపు వేసుకున్నాడు.

గిటారుని బయటికి తీసి, కొత్త సరుకు వచ్చినప్పుడు చూసినట్టే చూశాడు. అంచులు తడిమాడు. వేలి కణుపుతో కొట్టాడు. వాసన చూశాడు. వంచి చూద్దామనుకుని, ఇది తోలు కాదని గుర్తొచ్చి మానుకున్నాడు. భుజానికి తగిలించుకునే పట్టీ పంపలేదు. పొడుగాటి బూటు లేసులు ఆరు తీసి, జడలా అల్లి, రెండు చివర్లా కట్టి మెడలో వేసుకున్నాడు. గిటారు వెనక వైపు, సరిగ్గా పొట్ట ఆనేచోట, కొంచెం తొలిచి ఉంది. ఇన్నేళ్ళలో తన పొట్టని లెక్కలోకి తీసుకుని తయారైన వస్తువు ఆయనకి తగలడం అదే మొదలు.

పెట్టెల మధ్య పది అడుగులు నడిచాడు. వెనక్కి తిరిగి వచ్చాడు. ఎక్కడా నొక్కలేదు, ఎక్కడా వదులవలేదు.

అప్పుడు పందెం గుర్తొచ్చింది. వస్తువు బాగుంటే పందెం ఓడినట్టు, గది పోయినట్టు. బాగోలేకపోతే పందెం గెలిచినట్టే, కానీ గిటారు వెనక్కి పోతుంది. ఎటు తిరిగినా నష్టం వచ్చే బేరం తన చేత్తో తనే కుదుర్చుకున్నాడు. ఇంతకాలం వ్యాపారం చేసి ఇంత చచ్చు బేరం ఎన్నడూ చెయ్యలేదు.

తీగ మీటి చూశాడు. సీసాలో పడిన ఈగ మోతలాంటిది వినపడింది. అమ్మయ్య అనుకున్నాడు, అయ్యో అని కూడా అనుకున్నాడు. నల్లగా బరువుగా ఉన్న ఇంకో పెట్టె మీద కూలబడి, కంపెనీకి ఫోను చేశాడు.

"అమ్మా, మనిషి బాగున్నాడు గానీ గొంతు లేచి రావడం లేదు."

"ఆంప్లిఫయర్‌కి కలిపారా సార్?" అంది అవతలి పిల్ల.

"అదేమిటి? విడిగా కొనాలా? జోడు అమ్మి, అడుగుభాగం విడిగా కొనుక్కోమంటామా మేము?"

"మీకు సెట్టులోనే వస్తుంది సార్. నల్లపెట్టె ఒకటి ఉండాలి. ఎక్కడుందో చూడండి."

షావుకారు లేచి, తాను కూర్చున్నదాని వంక చూశాడు.

వైరు కలిపాడు, ప్లగ్గు పెట్టాడు. ధర పూర్తిగా కట్టాం కదా అని మోత పెంచే మీట కూడా పూర్తిగా తిప్పాడు. ఆపైన చెయ్యెత్తి, పద్దెనిమిదో ఏటి నుంచి దాచుకున్న బలమంతా పెట్టి ఆరు తీగల మీదా ఒక్క వేటు వేశాడు.

కొట్టులో పై అర మీది ఎత్తుమడమల జోళ్ళు వరసగా కింద పడ్డాయి. భార్య రాస్తున్న బిల్లు మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత పడింది. తివాచీ మీద కొత్త బూట్లతో నడుస్తున్న హెడ్మాస్టరు తొమ్మిదో అడుగు దగ్గర చతికిలబడ్డాడు.

కూతురు పరుగున వచ్చి తలుపు తోసింది. వెనకే భార్య. మెడలో బూటు లేసులు, వాటికి వేలాడుతున్న ఎర్ర గిటారు, దాని వెనక నోరు తెరుచుకుని నిలబడ్డ షావుకారు.

"ఇదేనా వానాకాలం బూట్లు?" అంది భార్య.

కూతురు అట్టపెట్టె మీద అంటించిన చీటీ చదివింది. "పార్శిల్లో తెప్పించావా నాన్నా? ముట్టుకోకుండా? పరీక్ష చెయ్యకుండా?"

"తెప్పించి చూశాను," అన్నాడు షావుకారు తడుముకోకుండా. "మీకు బుద్ధొస్తుందని. ఇదిగో, చూస్తున్నారుగా, పనికిరాదు. తిప్పి పంపిస్తున్నాను. పందెం నాదే."

"లోపం ఏంటి?"

"ఏదో ఉంది."

"ఏదో ఉందంటే నువ్వెప్పుడైనా జోడు వాపసు తీసుకున్నావా? ఏ వేలు, ఎక్కడ నొక్కుతోందో చెప్పందే ఒప్పుకోవుగా. ఏడు రోజుల గడువుంది. లోపం కనిపెట్టి కాగితం మీద రాసివ్వు, నేనే పంపిస్తాను."

బయట తివాచీ మీంచి హెడ్మాస్టరు గొంతు వినపడింది. "షావుకారుగారూ, పదో అడుగు వెయ్యనా, మాననా?"

ఆ పూట నుంచి షావుకారు లోపం వెతకడం మొదలుపెట్టాడు. రోజూ తలుపు వేసుకుని, మీట కాస్తే తిప్పి, గంటసేపు వెతికాడు. కాగితం మీద 'ఎర్రగా ఉంది' అని రాశాడు. "ఎరుపే కదా అడిగావు," అంది కూతురు. కొట్టేసి 'బరువు' అని రాశాడు. "ఎంత బరువో ఫోనులో వేసే ఉంది." మూడో రోజుకి రెండు గంటలైంది. ఐదో రోజుకి లోపం వెతుకుతున్న చప్పుడులో అక్కడక్కడా పాటలాంటిది తగలసాగింది. జోడు తొడిగించుకుంటున్న ఒకావిడ కాలితో తాళం కూడా వేసింది.

"ఏవండీ, ఆ లోపం రోజుకో గంట పెరుగుతోంది. అన్నానికైనా రండి," అని భార్య తలుపు తట్టింది.

"ఉండవే. దొరికేట్టుంది."

వేళ్ళ చివర్లు కాయలు కాశాయి. కొత్త జోడు కరిస్తే కాయ కాసేది కాలు. ఇక్కడ చెయ్యి. నాలుగు రోజులు ఓర్చుకుంటే రెండూ అలవాటవుతాయి. ఆ మాట కొన్ని వేల మందికి చెప్పిన మనిషి, దాన్ని లోపంగా రాయలేకపోయాడు.

ఏడో రోజు పార్శిల్ మనిషి వాపసు తీసుకోవడానికి వచ్చి, జోళ్ళు తొడిగే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. గిటారు అట్టపెట్టెలో పడుకుని ఉంది. షావుకారు చేతిలో కాగితం ఖాళీగా ఉంది.

"నాన్నా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అంది కూతురు. "వాయిద్యాల కొట్టు రెండు వీధుల అవతలే ఉందిగా. వెళ్ళి వాయించి చూసి కొనుక్కోవచ్చుగా? అందరికీ చెప్పేది నువ్వే కదా?"

షావుకారు పార్శిల్ మనిషి వంక చూశాడు. తర్వాత తివాచీ వంక చూశాడు.

"వెళ్ళానమ్మడూ. వాయించి చూడండి అన్నాడు. ఐదుగురు నా వంకే చూస్తున్నారు. చెయ్యి ఆడలేదు. నాకు రాదని నాకు తెలిస్తే చాలు గానీ, వాళ్ళందరికీ ఎందుకు తెలియాలి?"

ఇలాంటప్పుడు కూతురు ఎగతాళి చెయ్యకుండా వదలదు. ఈసారి వదిలేసింది. అద్దంలోంచి ఎదురు మందుల కొట్టు వైపు చూసింది.

"ఆవిడ పిసినారి కాదు నాన్నా. మొన్న తలనొప్పి మాత్రలకి వెళ్తే, ఎవరూ లేకుండా చూసి ఆ బూట్ల సంగతి నన్ను అడిగింది. చిన్నప్పుడు ఏదో జబ్బు చేసి ఒక పాదం ఎదగలేదట. ఎడమది ఆరు, కుడిది ఎనిమిది. మీ నాన్నగారు అందరిముందూ నడిపిస్తారుగా అమ్మా, అంది. రబ్బరు చెప్పులైతే సంచిలో పడేసి ఇస్తారట, ఎవరూ నడవమనరట."

 తిరిగొచ్చిన పందొమ్మిది జోళ్ళూ షావుకారుకి కంఠతా వచ్చు. అద్దం దాకా వచ్చి తిరిగిపోయినవాళ్ళెందరో ఏనాడూ లెక్కపెట్టలేదు. ఆ లెక్క ఇప్పుడు వేద్దామన్నా కుదరదు. వాళ్ళు లోపలికే రాలేదు.

"సార్, ఇంతకీ గిటారు ఇస్తున్నారా? ఇంకా పద్నాలుగు ఇళ్ళు తిరగాలి," అన్నాడు పార్శిల్ మనిషి.

షావుకారు లేచాడు. నిచ్చెన వేసుకుని గోధుమరంగు బూట్ల పెట్టెలు రెండు దింపాడు. ఒకటి ఆరు, ఒకటి ఎనిమిది. ఆరులోంచి ఎడమది తీశాడు. ఎనిమిదిలోంచి కుడిది తీయబోయి ఆగాడు. జత విడదీయడం ఆ కొట్టులో అంతదాకా జరగలేదు.

"మిగిలిన ఎడమ ఎనిమిది, కుడి ఆరు ఎవరికి అంటగడతావు?"

"ఫోనులో పెడతాను," అంది కూతురు. "అటుది ఇటైనవాళ్ళు ఎక్కడో ఒకరు ఉండకపోరు."

"ఉంటారంటావా?"

"ఉన్నా నీకు చెప్పరుగా!"

షావుకారు కుడిది తీసి ఎడమదాని పక్కన పెట్టి, పెట్టె కట్టి పార్శిల్ మనిషికి ఇచ్చాడు. "ఇది తీసుకెళ్ళు. గిటారు ఉండనీ."

"ఎక్కడికి సార్?"

"ఎదురుగా. ఆ మందుల కొట్టు."

పార్శిల్ మనిషి రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. "మా ఆఫీసుకి వెళ్ళి, ముద్ర పడి రావాలి సార్. ఎల్లుండికి అందుతుంది."

"పది అడుగులు లేదు కదయ్యా!"

"రూలు సార్."

"వెళ్ళనీ నాన్నా," అంది కూతురు. "పార్శిల్లా రావాలి. మనం చేత్తో పట్టుకెళ్తే మళ్ళీ మొదటికొస్తుంది."

అతను వెళ్ళాక ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే గది నాది."

"నీదే. ఆ మూల ముక్కాలిపీటంత జాగా మాత్రం నాకు వదులు."

"వదుల్తాను. ముందు ఆ మీట తగ్గించు."

మూడో రోజు మధ్యాహ్నం మందుల కొట్టు షట్టరు సగానికి దిగింది. అది వాడుక లేని పని. షావుకారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, అటు చూడనట్టు చూస్తున్నాడు. షట్టరు కిందనుంచి గచ్చు కనపడుతోంది. కాసేపటికి ఆ గచ్చు మీదకి రెండు గోధుమరంగు బూట్లు వచ్చాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. నెమ్మదిగా అటు నడిచాయి. షావుకారు పెదవులు వాటంతట అవే లెక్కపెట్టాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఠక్కున లేచి, కుర్చీని కొట్టు లోపలి వైపుకి తిప్పి కూర్చున్నాడు.

"ఏమైందండీ?" అంది బిల్లు బల్ల దగ్గర్నుంచి భార్య.

"ఏం లేదు. నడుస్తోంది."

"మరి ఇటు తిరిగారేం?"

"ఆవిడ కొట్టులో ఆవిడ నడుచుకుంటుంటే మనకెందుకే?" అని, కాయలు కాసిన వేళ్ళు నిమురుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వు చూడు. పది దగ్గర ఆగిందా?"

భార్య బల్ల మీదికి ఒంగి, వీధిలోకి చూసింది.

"లేదండీ. ఇంకా నడుస్తూనే ఉంది."