అక్కయ్య ప్రూఫు

అక్షరం పెద్దదైతే కనిపించి తీరాలన్నది ఫిజిక్సు మాస్టారి సిద్ధాంతం. ఉద్యోగం విరమించారు గానీ సిద్ధాంతాలను విరమించుకోలేదు. ఆయన అక్కయ్యకేమో చూపు నట్టనడుమ మసకబారింది. జీవితమంతా ప్రెస్సులో పరాయి పుస్తకాలకు ప్రూఫులు దిద్దిన ఆమె, కళ్లు బాగున్న రోజుల్లో పిల్లల కోసం నక్షత్రాల గురించి ఒక్క సొంత పుస్తకం రాసుకుంది. దాని ప్రూఫు తానే దిద్దాలని పట్టు. ప్రెస్సువాళ్లు కంప్యూటరుకు పంపిన ఆ ప్రూఫుకు ఈ సాయంత్రంతో గడువు సరి.

"పోనీ నేను దిద్దనా?"

"నువ్వా! సొంత పెళ్లి శుభలేఖలో మామగారి పేరు మింగేసిన ప్రబుద్ధుడివి. ఆ యంత్రం సంగతి చూడు ముందు."

ఉచితంగా దొరికే, లోపలి కోడ్ సైతం ఎవరైనా విప్పి చూడగలిగే ప్రోగ్రాములంటే మాస్టారికి గురి. దాపరికం లేనిదే సైన్సని ఆయన నమ్మకం. ఒక ప్రోగ్రాము అక్షరాన్ని అరచేయంత చేసింది.

"మధ్యలో ఈగ వాలిందిరా."

మరొకటి తెరను నల్లగా, అక్షరాలను పసుపుగా మార్చింది.

"ఈగ లేవలేదు."

చదివి వినిపించేదాన్ని, "చెవులతో ప్రూఫు దిద్దుతారుట్రా ఎవరైనా?" అని కొట్టిపారేసింది.

చివరిది పేజీ హంగులన్నీ ఊడదీసి, వరసకు నాలుగే మాటలు చూపించింది. అక్కయ్య ముందుకు వంగి గడగడా అందుకుంది: "సూర్యుడూ ఒక నక్షత్రమే పిల్లలూ. మనకు దగ్గరివాడు కాబట్టి పెద్దవాడిలా కనిపిస్తాడు..."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఉత్సాహంగా పేజీలు జరుపుతూ, తానూ చదువుదామని కళ్లజోడు సవరించుకున్నారు.

తెర మీద సూర్యుడు లేడు. హడావుడిలో ఆయన తెరిచింది ప్రూఫు కాదు, ప్రోగ్రాముతో పాటు వచ్చిన వాడకం నిబంధనలు. 'ఈ సాఫ్ట్‌వేర్‌కు ఏ విధమైన హామీ లేదు' అన్న వాక్యం ఎదుట కూర్చుని అక్కయ్య ధ్రువ నక్షత్రం గురించి తడబడకుండా చదువుతోంది.

ఆయన వేలు మీట మీదే ఉండిపోయింది. అసలు ఫైలు తెరిచినా ఆమె ఇవే మాటలు, ఇంతే ధీమాగా చదువుతుంది.

ఫోను మోగింది. ప్రెస్సు యజమాని.

"మాస్టారూ, అక్కయ్యగారు చూశారాండీ? మిషనెక్కించేయమంటారా?"

"చూశానని చెప్పరా," అంది అక్కయ్య. "ఒక్క తప్పు లేదు. బాగానే కంపోజ్ చేశారు."

రుజువు లేని మాట ఎన్నడూ పైకి అనని ఆ మనిషి ఆమె ముఖంలోకి చూశారు. ఆమె మాత్రం, తమ్ముడి ముఖం కనబడాలని కాబోలు, తల కాస్త వారగా తిప్పి ఆయన చెవికేసి చూస్తోంది.

"చూశారండీ," అన్నారు మాస్టారు. "వేసేయండి."