జడ్డిగంలో చెయ్యి

ధాత ఏటి కరువులో ఎండ ఎంతంటే, ఉదయగిరి మీద కాకులు రెక్కలు కాల్తాయని కొండెక్కి నడిచిపోయినాయి. మా ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలినాను. తుమ్మితే చిరంజీవ అనే నోరు లేక, గోడవతలికి ఉరికి నేనే అనేసి మళ్ళీ లోపలికొచ్చేవాణ్ణి.

కరువు తీరి వానొచ్చినాది. విత్తేదానికి జొన్నలుండాయి, నేల పదునుగా ఉండాది. ఎద్దులు చచ్చినా గొర్రు నేనే లాగుతా, నా మెడ అట్టాంటిది. వెనకాల నడస్తా గొర్రు మీది జడ్డిగం గిన్నెలో గింజలు పోసేదానికే మా ఇంటి ఆడబిడ్డ కావాల. పరాయి చెయ్యి పోస్తే పంట వాళ్ళింటికి నడిచి పోతాదని మావోళ్ళ నమ్మకం. ఆరితే పదును మళ్ళీ రాదు.

చెల్లెలి బిడ్డ ఆత్మకూరులో గంజి పోసేకాడ ఉండాదని ఎవరో అంటే, రెండంగల్లో పోయినాను. బిడ్డ లేదు, ఎప్పుడో కన్ను మూసినాదని చెప్పినాది లిదియమ్మ. ఆడ గంజి పోయించే తెల్ల దొరసాని గుడారంలో వండిపెట్టే మనిషి. ఆమెకీ కరువు ఎవర్నీ మిగల్చలేదు.

దొరసాని ఎండబెట్టిన మొక్కలు ముందరేసుకుని కూర్చోనుండాది. ఒకటి జానెడు గూడా లేదు, నాలుగు తెల్లరేకులు. చలిదేశంలో నేలకంటుకొని పెరిగేదంట. పాపం, దీనికీ నా మాదిరి ఎవరూ లేరా అని అడిగినాను. ఆమె నవ్వి ఏందో చెప్తే లిదియమ్మ తెలుగు చేసినాది. ఆ తెల్లవి రేకులు కావంట, ఆకులే. అసలు పూలు నడిమధ్య ఆవగింజలంతే. దీని సొంత అన్నదమ్ములు మానులంత చెట్లు. రెండాకులతో మొలిచే కంది, చింత కొంచెం దూరం. ఒక్కాకుతో మొలిచే జొన్న ఇంకా దూరం. పువ్వే పుయ్యని సూదాకు చెట్లు మరీ దూరం. అయినా గింజ పెట్టేవన్నీ ఒక ముత్తవ్వ బిడ్డలేనంట.

"మా జొన్నకి ఇది చుట్టమా?"

"చుట్టమేనన్నా" అన్నాది లిదియమ్మ. "జొన్నకి లేని పట్టింపు నీకేంది? నేనొచ్చి పోస్తా."

"పంట మీ ఇంటికి నడిచిపోతే?"

"నాకు ఇల్లేడుండాది, నడిచేదానికి?"

గొర్రు ఎంత జోరుగా లాగినానంటే, లేచిన మట్టి దుత్తలూరులో పడినాది. అయినా సాళ్ళు వంకరపోయినాయి. వెనకాల మనిషి అడుగుల చప్పుడు విని ఎన్నాళ్ళయినాదో, ఊరికే తిరిగి చూసేవాణ్ణి. పని కాంగానే ఆమె ఆత్మకూరు పోవాల.

గింజలైపోయినాయి.

"ఇంకొక్క సాలు" అన్నాను.

ఆమె ఖాళీ గిన్నెని చూసినాది, నన్ను చూసినాది. జడ్డిగంలో చెయ్యి పెట్టి, గట్టు దాకా నా వెనకాలే నడిచొచ్చినాది.