అక్క సాగనంపిన రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా బడి పిల్లలకు తెలుసు, హెడ్మాస్టర్‌కూ తెలుసు. తెలియనట్టు ఉండేది మా అక్క సోని ఒక్కతే. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. పత్తి ఏరి, మిరపకాయ తెంపి, నన్ను చదివించి టీచర్‌ను చేసింది అక్కే. అలాంటిదాని చేతులను జనగామ స్టేషన్లో అందరి ముందూ నా మెడ మీద నుంచి తీసేశాను.

అది 2011 ఆగస్టు చివర. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో టాంజానియా టీచర్లకు నేర్పే పని. ఆరు వారాలు. ఒక సంస్థ రఘునాథపల్లి బడి నుంచి నన్ను, భూపాలపల్లి నుంచి వెంకటేశ్ సార్‌ను ఎంపిక చేసింది. సంస్థవాళ్లు పూలదండలు పట్టుకొని స్టేషన్‌కు వచ్చారు. మహబూబాబాద్ దగ్గరి మా తండా నుంచి అక్క కూడా పొద్దున్నే రైలెక్కి వచ్చింది, అద్దాల రవికె తొడుక్కొని.

మా లంబాడీల్లో ఆడవాళ్లు విడిపోయేటప్పుడు, చాన్నాళ్లకు కలిసినప్పుడు ఒకరి మెడ ఒకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు. కష్టం సుఖం అంతా ఆ రాగంలోనే చెప్పుకుంటారు. అక్క ప్లాట్‌ఫాం మీద నా మెడ పట్టుకొని రాగం ఎత్తుకుంది. జనం తిరిగి చూశారు. ఫొటోలు తీసే అతను కెమెరా దించేశాడు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

"జర ఆపు బాయీ, సార్లు చూస్తున్నరు," అన్నాను. బాయీ అంటే మా భాషలో అక్కా అని. ఆ ఒక్క మాట తప్ప మిగతాదంతా తెలుగులోనే అన్నాను, సార్లకు అర్థం కావాలని. ఆమె చేతులు పట్టి కిందికి దించాను. అక్క రొట్టెల మూట నా చేతిలో పెట్టి, అవతలి ప్లాట్‌ఫాంకు పోయి తన రైలు కోసం నిలబడింది.

అరూషా అనే ఊళ్లో మా శిక్షణ. ముప్పై మంది టీచర్లు. "పిల్ల నోట్లో ఉన్న భాషను బడి గేటు దగ్గర ఆపకండి, దాన్ని చూసి సిగ్గుపడేలా చేయకండి," అని రోజూ గొంతు చించుకున్నాను. అబ్బో, చెప్పేవి శ్రీరంగనీతులు! రెండో వారం ఒక్కొక్కరినీ తమ ఇంటి పలకరింపు చేసి చూపించమన్నాను. మసాయి తెగకు చెందిన నీమా టీచర్ ముందుకొచ్చి తల వంచింది. వాళ్లలో చిన్నవాళ్లు అలా వంగితే పెద్దవాళ్లు తల మీద చేయి పెడతారట. నేను పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"మీ ఇంట్లో ఆడవాళ్లు ఎలా పలకరించుకుంటారు?" అని నీమా నన్ను అడిగింది.

రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టాను. స్టేషన్లో అంతా చూసిన వెంకటేశ్ సార్ కిటికీ వైపు చూశాడు. ఆయన ఏదో ఒకటి అనుంటే బాగుండేది, మీద పడి పోట్లాడేదాన్ని.

శనివారాలు ఊళ్లు చూపించేవాళ్లు. జలపాతం దగ్గరికి తీసుకెళ్లారు. గోరోంగోరో లోయ పైన నిలబెట్టి, కింద మేసే ఏనుగుల మందను చూపించారు. అంత పెద్ద లోయను చూసి "చూడు బాయీ!" అని పక్కకు తిరిగాను. పక్కన ఎవరో జర్మనీ ముసలాయన టోపీ సర్దుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మా వాళ్లలో ఒంటరిగా ఏడిస్తే రాగం రాదు, ముక్కు కారుతుందంతే.

ఆదివారం ఆదివారం ఫోన్ చేసేదాన్ని. అక్క కొడుకు పూల్‌సింగ్ ఎత్తేవాడు.

"అమ్మ చేన్ల ఉన్నది చిన్నమ్మా."

ఆ తర్వాత మన దగ్గర సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. నా తోటి టీచర్లంతా సమ్మె శిబిరంలో కూర్చున్నారు. తెలంగాణ కోసం ఊరూరా రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకుంటుంటే నేను ఏనుగులను లెక్కపెడుతున్నాను.

"అమ్మ వంటావార్పుకు పోయింది చిన్నమ్మా. నువ్వు ఫోన్ జేసినవని చెప్తనే ఉన్న."

చెప్తున్నాడు సరే, ఆమె వింటున్నదా? ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అక్క ఫోన్ దగ్గరికి రాలేదు.

అక్టోబరులో తిరిగొచ్చాను. జనగామలో ఇంటికి కూడా పోలేదు. రైల్లో అలాగే కూర్చొని మహబూబాబాద్‌లో దిగి, దొరికిన ఆటోలో తండాకు పోయాను. వాకిట్లో అక్క పెసళ్లు చెరుగుతోంది. బ్యాగు అక్కడే పడేసి చేతులు చాపి ముందుకు పోయాను. అక్క లేచి, లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది.

"కూసో మేడం. నీళ్లు తాగుతవా?" అంది. తెలుగులో!

నా కోపం నెత్తికెక్కింది. "ఏందే గిది? నేను నీ చెల్లెను కానా? మన మాట మాట్లాడవేందే?" అని మా భాషలో అరిచాను. చుట్టుపక్కల ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు.

అప్పుడు అక్క మా భాషలోకి దిగింది. "నిన్ను నేను సాగనంపనే లేదు జమ్లీ. సాగనంపనియ్యలే నువ్వు. సాగనంపని దాన్ని ఎట్ల ఎదురొచ్చి పిలుచుకోవాలె?"

బ్యాగు తీసుకొని మళ్లీ భుజానికి వేసుకున్నాను. తండా చివర, తారు రోడ్డు దగ్గరికి నడిచిపోయి ఇటు తిరిగి నిలబడ్డాను.

"అయితే ఇప్పుడు సాగనంపు," అని అరిచాను. "నేను పోతున్న. సాగనంపు బాయీ."

చాలాసేపు రాదనుకున్నాను. వచ్చింది. నా మెడ పట్టుకుంది. "నాలుగేండ్ల దాన్ని సంకనేసుకుంటి చెల్లె, నీళ్లు దాటి పోతివి చెల్లె, నా ఏడుపు నీకు బరువాయె చెల్లె..." అని రాగం తీసింది. నేనూ ఎత్తుకున్నాను. లోయ సంగతి, ఏనుగుల సంగతి, నేను పెట్టిన దొంగ నమస్కారం సంగతి, అన్నీ అందులోనే చెప్పాను. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. అక్క గొంతు బొంగురుపోయేదాకా ఏడ్చాం.

కళ్లు తుడుచుకొని నేను ఇంటి వైపు అడుగేశాను. అక్క నా భుజాలు పట్టి రోడ్డు వైపు తిప్పింది.

"ఎటు పోతవు? ఏడ్చి సాగనంపిన ఆడిపిల్ల అప్పుడే వెనక్కి వస్తదా? దవాళి పండుగకు రా. ఎదురొచ్చి తీసుకపోత."

సమ్మె కదా, బస్సుల్లేవు. ఆటో ఎప్పుడో వెళ్లిపోయింది. స్టేషన్ ఏడు కిలోమీటర్లు. నడిచాను.