గుండు వదలాలె

పెళ్లై నెల కూడా నిండని సౌమ్యకు సుబేదారిలోని అత్తవారింట్లో అన్నీ ముద్దుగానే కనిపించేవి. భర్త శేఖర్ చాయ్‌ని జుర్రుమని తాగడం ముద్దు, ఆరేసిన లుంగీ గాలికి బెలూన్‌లా ఉబ్బడం ముద్దు. అన్నిటికన్నా ముద్దు ఆడబిడ్డ దీప. మేధోవైకల్యం ఉన్నవాళ్లకు జరిపే రాష్ట్ర పోటీల్లో దీప ఇనుప గుండు విసిరి వెండి పతకం తెచ్చింది. బడిలో తాను పాఠాలు చెప్పే ఆరో తరగతి పిల్లలకు పట్టుదల గురించి ఆమె చేతనే చెప్పించాలని సౌమ్య ముచ్చటపడింది.

అత్త రాజేశ్వరి మాత్రం ఒక మాట చెప్పి పంపింది. "పోయినేడు గల్లీల పోరగాండ్లు నవ్విండ్రని దీప ఎన్నిరోజులో గ్రౌండు మొఖం చూడలే. మల్ల నవ్విండ్రంటే దాని ఆట బందే. నీదే జిమ్మేదారి, బిడ్డా."

అందుకే సౌమ్య, నవ్వినవాళ్ల తోలు తీస్తానని క్లాసుకు ముందే చెప్పింది. పిల్లలు పెదాలు బిగించి కూర్చున్నారు.

"పట్టుదల అంటే పట్టిన పట్టు వదలకపోవడం," అని మొదలుపెట్టింది.

"వదలాలె వదినా," అంది దీప.

"ఏంది?"

"గుండు వదలాలె. వదలకుంటె ఎట్ల పోతది? చేతిలనే ఉంటది."

దీప పిల్లలవైపు తిరిగింది. "గుండును మెడకానిచ్చి పట్టాలె. నున్నగ, సల్లగ ఉంటది."

కళ్లన్నీ ముందు బెంచీలోని ఓంప్రకాశ్ మీద వాలాయి. వాడు ఆదివారమే వేములవాడలో తలనీలాలిచ్చి వచ్చాడు. పక్కవాడు వాడి నెత్తి మీద చెయ్యేసి, "అవునక్కా, సల్లగనే ఉన్నది," అన్నాడు.

క్లాసు గొల్లుమంది.

దీప మొహం ముడుచుకుంది. "నన్నే నవ్వుతాండ్రా?"

"నిన్ను కాదక్కా, నా గుండును," అంటూ ఓంప్రకాశే వచ్చి తల వంచాడు.

దీప తడిమి చూసింది. "ఇది ఇసిరేటిది కాదు," అని తేల్చింది. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వి కుర్చీలో కూలబడింది.

బడి వదిలాక అందరూ గుండు విసరడానికి గ్రౌండుకు పోయారు. "ఓడిపోతె ఏం జేస్తవక్కా?" అని ఒక పిల్ల అడిగింది.

"ఏడుస్త. ముక్కు తుడ్సుకుంట. మల్ల ఏస్త."

ఇంత చిన్నగా చెప్పొచ్చని తెలిస్తే సౌమ్య అంత పెద్ద ఉపన్యాసం రాసుకునేదే కాదు. ఆమె వంతు వచ్చింది. విసిరిన గుండు ఆమె చెప్పుల ముందే దబ్బున పడింది. పిల్లలు మళ్లీ గొల్లుమన్నారు.

"నవ్వకుండ్రి. కొత్తది, నేర్సుకుంటది," అని దీప కసిరింది. మడమతో మట్టిలో గీత గీసింది. "మల్ల ఏయి వదినా."

అంతలో ఫోన్ మోగింది. అత్తగారు. "ఎవలన్న నవ్విండ్రా?"

"అందరు నవ్విండ్రు అత్తమ్మా."

"మరి పిల్లెట్లున్నది?"

"నేను ఏసేది పిల్లకు నచ్చుతలేదు. గుండు గీత దాటేదాక ఇంటికి రానియ్యనంటాంది. ఆయనకు జర మీరే అన్నం పెట్టుండ్రి."