సైదమ్మ బండి పక్కన నలుగురు

"ఈ బండి మీద లోన్ ఇదివరకే ఇచ్చేశారమ్మా" అంటూ మున్సిపల్ ఆఫీసు క్లర్కు కంప్యూటర్ తెర తిప్పి చూపించాడు.

తెర మీద ఉన్నది సైదమ్మ ఇడ్లీబండే. పక్కన గరిటె పట్టుకొని నిలబడ్డది మాత్రం వార్డు లీడరు బిక్షం బామ్మర్ది.

"వీడు ఇడ్లీ తిన్నోడే గని అమ్మినోడా సారూ?" అంది సైదమ్మ. వరుసలో ఉన్న తోపుడుబండ్లవాళ్లు ఘొల్లున నవ్వారు.

సైదమ్మకు తోడొచ్చిన కృపారాణి నవ్వలేదు. ఆ ఫొటో తీసింది తనే.

కరోనాకు పట్టణమంతా మూతపడి తెరుచుకుంటున్న రోజులవి. వీధి వ్యాపారులకు సర్కారు అత్యవసర రుణం ఇస్తామంది. మనిషిని బండి పక్కన నిలబెట్టి ఫొటో తీసి కంప్యూటర్లో ఎక్కించడం మహిళా సంఘాల పనులు చూసే ఆర్పీగా కృపారాణి పని. నెల కిందట బిక్షం తన మనుషులు నలుగురిని సైదమ్మ బండి కాడికి వెంటబెట్టుకొచ్చాడు. "జర కొట్టవమ్మా ఫొటో. లేకుంటే నీ జాగల ఇంకొకామె వస్తది" అన్నాడు. ఫొటో ఎవరు తీస్తారో కూడా చూడకుండా, అంతకుముందే బిక్షానికి బండి తుడిచి ఇచ్చి మొగుడున్న దవాఖానకు పోయింది సైదమ్మ. "మనోళ్లే గద బిడ్డా, ఆసరా అయితది" అని.

సైదమ్మ చేతిలో ఉన్నదంతా మొగుడి దవాఖానకే పోయింది. ఇప్పుడు లోను రాకపోతే బండిని పాత ఇనుముకు వేయాల్సిందే.

ఆ మధ్యాహ్నం మార్కెట్ షెడ్డు కింద అందరూ కూడారు. ఇంకో పదకొండు బండ్లదీ అదే కథ, బండి ఒకరిది, ఫొటోలో ముఖం బిక్షం మనిషిది.

"ఫొటోలు తీసినోళ్లెవరు?" అన్నాడు పండ్ల నాగేష్.

"మా కృపను అడుగుండ్రి. సదువుకున్న పిల్ల, ఆమెకు తెలుస్తది" అంది సైదమ్మ.

ఆ నమ్మకం ముందు కృపారాణి తల ఎత్తలేకపోయింది. "అన్నీ నేనే తీసిన అత్తా."

"మా బండ్ల కాడ తిని మా కడుపే కొడ్తివా?" అంది పూల గోపమ్మ. కృపారాణి ఏడ్చింది.

"ఏడిస్తే మాకేమొస్తది?" అంది సైదమ్మ. "గా మాట ఆఫీసుల చెప్తవా?"

"నౌకరి పోతదత్తా."

"మాకు బతుకే పోతున్నది."

తెల్లారి బండ్లన్నీ మున్సిపల్ ఆఫీసు గేటుకు కదిలాయి. తను తీసిన దొంగ ఫొటోలన్నిటితో, జరిగిందంతా రాసి సంతకం చేసిన కాగితంతో కృపారాణి ముందు నడిచింది.

"రోగం రోజులు, గుంపు కట్టొద్దు!" అని అరిచాడు ఎస్సై.

"బండికీ బండికీ ఆరడుగులు పెట్టినం సారూ, కొలుసుకో!" అన్నాడు నాగేష్. ఆ లెక్కన వరుస హైవే దాకా సాగింది. సూర్యాపేట బస్సులు ఆగిపోయాయి.

ఆఫీసరు కాగితం చదివాడు. దొంగ రికార్డు కేసు కింద ఎస్సై కృపారాణినొక్కదాన్నే జీపెక్కించాడు. బిక్షం ఆఫీసరు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

సైదమ్మ బండిని తోసుకొచ్చి జీపుకు అడ్డం పెట్టింది.

"ఈ పిల్ల తప్పు చేసింది, మేం కాదనం. చేయించినోణ్ని గూడ ఎక్కించు."

"ఎక్కియ్యకపోతే?" అన్నాడు ఎస్సై.

"జీపు కదల్దు."

గోపమ్మ బండి వచ్చింది. నాగేష్ బండి వచ్చింది. ఇప్పుడు ఆరడుగులు లేవు, చక్రానికి చక్రం ఆనింది. సంగతి తెలిసి కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి బండ్లవాళ్లు ఫోన్లు చేస్తున్నారు, తమ బండ్ల ఫొటోలు చూపించమని తామూ తమ ఊరి ఆఫీసుల్లో అడుగుతామని.

వాళ్లు తనకోసం రాలేదని కృపారాణికి తెలుసు. సిగ్గుతో ముఖం కాలిపోతున్నా కొంగు అడ్డం పెట్టుకోలేదు. జీపులోంచే చెయ్యి చాచి బిక్షాన్ని చూపించింది.

"గాయనే!"