కాగితంలో పెళ్ళికూతురు

ఆ కాగితం వేరెవరిదో అనుకుని డెల్ఫినా సుమగాయ్‌సాయ్ దాన్ని మళ్ళీ కిటికీలోంచి లోపలికి తోసింది.

"ఇది నాది కాదండి. నాకు పెళ్ళే కాలేదు. పెళ్ళి కాలేదని రాసిచ్చే కాగితం కోసమే వచ్చాను."

ఇలోఇలో నగరంలోని ఆ రికార్డుల ఆఫీసులో గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "పేరు మీదేనా? పుట్టిన తేదీ మీదేనా? అమ్మానాన్నల పేర్లు?"

అన్నీ ఆమెవే.

"మరింకేం, పెళ్ళీ మీదే. వారానికి ఇద్దరొస్తారమ్మా మీలాంటివాళ్ళు. ఫారిన్ వాడు దొరగ్గానే ఇక్కడి మొగుడు మతికి రాడు."

వెనక వరసలో ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. డెల్ఫినా చెవులు వేడెక్కాయి. కాగితంలో ఉన్నదల్లా మూడు వరుసలు. పదకొండేళ్ళ కిందట జూన్ నెలలో, పక్క జిల్లా ఆంతికేలో తినగ్‌దాన్ అనే రేవు ఊళ్ళో, మునిసిపల్ హాల్లో, అమడోర్ ఎస్కాన్లార్ అనే మనిషితో ఆమెకు వివాహం జరిగింది. ఆ మనిషి పేరు ఆమె వినలేదు. ఆ ఊళ్ళో కాలు పెట్టలేదు.

బయట మెట్ల మీద హెన్రిక్ ఎదురుచూస్తున్నాడు. డెన్మార్క్ మనిషి, యాభై దాటినవాడు, ఓడల ఇంజన్లు బాగుచేస్తాడు. తనకి వేరే భార్య లేదని వాళ్ళ దేశం నుంచి కాగితం తెప్పించుకుని, దాని గడువు తీరేలోగా పెళ్ళైపోవాలని రోజులు లెక్కపెడుతున్నాడు. డెల్ఫినా ఇచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆ ఊరి భాష ఇలోంగోలో, వచ్చీరాని మాటల్లో, "ముందే చెప్పి ఉంటే నేనేం అనుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

"చెప్పడానికేముంది హెన్రిక్? ఇది నేను కాదు."

ఆయన తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. ఆ అడక్కపోవడమే ఆమెను ఇంటిదాకా పొడుస్తూ వచ్చింది.

అటార్నీ పాలాబ్రికా అరవయ్యేళ్ళ ఆవిడ. బల్ల కింద చెప్పులు విడిచి, కాళ్ళు పీట మీద పెట్టుకుని మాట్లాడుతుంది. తినగ్‌దాన్ నుంచి పెళ్ళి రిజిస్టరు నకలు తెప్పించి డెల్ఫినా ముందు పెట్టింది.

"మన దేశంలో విడాకుల్లేవు కదా. అందుకని చేసుకోని పెళ్ళిలోంచి కూడా ఊరికే బయటపడలేవు. కోర్టుకెళ్ళి, ఆ పెళ్ళికూతురివి నువ్వు కాదని తేల్చుకోవాలి. సంతకం నీది కాదని చూపిద్దాం. కానీ దానికంటే గట్టిది, ఆ అమడోర్ అనేవాడే వచ్చి, ఈవిడ నా పెళ్ళాం కాదండీ అని జడ్జి ముందు చెప్పడం. వెళ్ళి వెతుకు. బతికే ఉంటే."

"చచ్చిపోయుంటే?"

"నువ్వు విధవరాలివి. చావు కాగితం పట్టుకొస్తే వచ్చే నెల్లోనే పెళ్ళి చేసుకోవచ్చు. నీకదే సులువు."

డెల్ఫినా కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. ఆమె కళ్ళు నకలు మీది సంతకం దగ్గర ఆగిపోయాయి. 'డి' అక్షరం తోకను వెనక్కి తిప్పి, పేరంతటి కిందా గీతలా లాగడం తనకు మాత్రమే ఉన్న అలవాటు. తనకు, తన చేతిరాతను దింపడంలో చెయ్యితిరిగిన ఇంకొకతెకు.

"ఎవరో తెలిసిందా?" అంది అటార్నీ.

"మా చెల్లెలు."

ఇంట్లో అందరూ నేనింగ్ అని పిలిచేవాళ్ళు. డెల్ఫినాకన్నా ఆరేళ్ళు చిన్నది. పదిహేడో ఏట ఒక జాలరి కుర్రాణ్ణి ప్రేమించానని, అమ్మకి నచ్చజెప్పమని, డెల్ఫినా పనిచేసే పళ్ళ డాక్టరు క్లినిక్ దాకా వచ్చి బతిమాలింది. అప్పటికి డెల్ఫినాకి ఇరవై మూడు. లోపల రోగులు ఎదురుచూస్తున్నారు. "పెళ్ళి చేసుకునే వయసొచ్చేదాకా నాకు మొహం చూపించకు" అని తలుపు వేసుకుంది. వారం తిరక్కుండా నేనింగ్ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. పెట్టెలో డెల్ఫినా పుట్టిన కాగితం కనపడలేదు. ఎక్కడో పోయిందనుకుని కొత్తది తీసుకున్నారు. మనీలాలో ఉందని ఒకరు, కువైట్‌లో ఉందని ఒకరు చెబుతుంటే వింటూ వింటూనే తల్లి కళ్ళు మూసింది.

వయసు రాలేదని కదా అన్నాను, అందుకని నా వయసు పట్టుకెళ్ళిందన్నమాట అనుకుంది డెల్ఫినా. మర్నాడు పొద్దున్నే తినగ్‌దాన్ బస్సెక్కింది. దారి పొడుగునా చెల్లెల్ని ఎలా తిట్టాలో కూడబలుక్కుంది. సముద్రం కనపడేసరికి తిట్లన్నీ ఎక్కడికో పోయాయి. లావెక్కిందో చిక్కిందో, ఎంతమంది పిల్లలో అన్న ఆలోచనలే మిగిలాయి.

బస్సు దిగిన చోట చిల్లర కొట్టుంది. కొట్టావిడ సబ్బులు సర్దుతూ తలెత్తి, డెల్ఫినాని చూసి, చేతిలో సబ్బు కింద పెట్టేసి గుండెల మీద శిలువ గీసుకుంది.

"ఎవరి తాలూకు నువ్వు?"

"ఎస్కాన్లార్ వాళ్ళింటికండి. నా పేరు డెల్ఫినా."

ఆవిడ చేత్తో రేవు వైపు చూపించి, సగం తలుపు మూసుకుంది. ఇసక బాటలో నడుస్తుంటే వలలు అల్లుతున్న ఇద్దరాడవాళ్ళు మాటలాపి చూశారు. వాళ్ళలో ఒకతె ఒళ్ళో పిల్లవాడి మొహాన్ని తన వైపు తిప్పుకుంది.

చివరింటి ముందు ఒక ముసలావిడ వెదురు తడికెల మీద చేపలు ఎండబెడుతోంది. పేరు ఇసిద్రా, అమడోర్ తల్లి. నీడ పడగానే తలెత్తింది. చాలాసేపు చూసింది.

"ఎంతకాలానికొచ్చావే" అంది మెల్లగా. అంతలోనే తల విదిలించుకుని, "కాదు. నువ్వు పొడుగు. ఎవరమ్మా నువ్వు?"

"డెల్ఫినా అంటారండి. ఇలోఇలో నుంచి వచ్చాను."

ముసలావిడ చేతులు గౌనుకి తుడుచుకుంది. "ఆ పేరుతో మా ఇంట్లో ఒక కోడలుండేది."

"ఇప్పుడెక్కడుందండీ?"

"రా" అంది ఇసిద్రా.

సమాధుల తోట చర్చి వెనక గుట్ట మీద ఉంది. సున్నం కొట్టిన సిమెంటు గూళ్ళు అంతస్తులుగా ఉన్నాయి. కింది వరసలో చివరి గూటి ముందు ముసలావిడ ఆగింది. పలక మీద నల్ల రంగుతో డెల్ఫినా ఎస్. ఎస్కాన్లార్ అని రాసుంది. పుట్టిన తేదీ తనది. సంవత్సరం తనది. దాని పక్కన, పదేళ్ళ కిందటి అక్టోబరు తొమ్మిది.

డెల్ఫినా ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఎండకి పలక వేడిగా ఉంది. చెల్లెలు పోయిందన్న సంగతి ఆమెకింకా తగల్లేదు. తను పోయినట్టుగా ఉందంతే. కాళ్ళ కింద గుట్ట ఉందో లేదో చూసుకోవలసి వచ్చింది.

"కాన్పులో పోయింది" అంది ఇసిద్రా. "రేవులో మంత్రసాని ఉంది గానీ, రక్తం ఆగలేదు. పడవ కట్టేలోగా అయిపోయింది. తొమ్మిది రోజులూ ప్రార్థనలు లోటు లేకుండా చేశామమ్మా. ఆడవాళ్ళం పన్నెండు మందిమి కూచున్నాం. డెల్ఫినా ఆత్మకి శాంతి, డెల్ఫినా ఆత్మకి శాంతి అని."

ఆ అక్టోబరు డెల్ఫినాకి గుర్తుంది. తొమ్మిదో తారీఖునో పదినో మొదలైన జ్వరం తొమ్మిది రోజులు దిగలేదు. డాక్టర్లకి అంతుపట్టలేదు. అద్దె గదిలో ఒంటరిగా పడుంటే, గోడ అవతల ఆడవాళ్ళు గుంపుగా ఏదో గొణుగుతున్నట్టు వినిపించేది. పక్కింటివాళ్ళు ప్రార్థన పెట్టుకున్నారేమో అనుకుంది. జ్వరం దిగాక అడిగితే, పక్కిల్లు మూడు నెలలుగా ఖాళీ అన్నారు.

ఈ సంగతి ఆమె ముసలావిడకి చెప్పలేదు. గుట్ట దిగుతూ మటుకు ఒకసారి, రెండోసారి వెనక్కి తిరిగి చూసింది.

అమడోర్ మధ్యాహ్నానికి రేవు నుంచి వచ్చాడు. ముప్ఫై నిండినవాడు, అప్పుడే కణతల దగ్గర నెరిసింది. గుమ్మంలో డెల్ఫినాని చూసి నిలబడిపోయాడు.

"మీరు అక్క" అన్నాడు.

"తెలిసే నా పేరు ఉంచావన్నమాట ఆ రాయి మీద!"

"పెళ్ళినాడు తెలీదు మనాంగ్." అక్కా అనే ఆ పిలుపుకి డెల్ఫినా చూపు పక్కకి తిప్పుకుంది. "నేనింగ్ ముద్దుపేరు, డెల్ఫినా అసలు పేరు అనుకున్నాను. అందరికీ రెండేసి పేర్లుంటాయిగా. నొప్పులొచ్చినప్పుడు చెప్పింది. అక్క పేరు తీసుకున్నాను, తనకి తిరిగిచ్చెయ్యి అంది. నాకేం అర్థమైంది? ఇరవై ఏళ్ళవాణ్ణి. చేతిలో పసిగుడ్డు. పేరు అబద్ధమైతే పెళ్ళీ అబద్ధమే, నన్ను జైల్లో పెడతారు, పిల్లనెవరో పట్టుకుపోతారు అని హడలిపోయాను."

"చావు కాగితం రాయించలేదేం మరి?"

అమడోర్ తల దించుకున్నాడు. "రాయిస్తే చచ్చేది మీరు కదా. ఎక్కడో బతికున్న మనిషిని ఎలా చంపను? రాయి మీద మటుకు ఏదో ఒకటి రాయాలిగా."

డెల్ఫినా కోర్టు సంగతి చెప్పింది. వచ్చి సాక్ష్యం ఇమ్మంది. అతను వెంటనే తల అడ్డంగా ఊపాడు. "నావల్ల కాదు. నా పెళ్ళి కొట్టేస్తారు. జోవెలిన్‌కి అమ్మానాన్నల పెళ్ళి అనేదే లేకుండా పోతుంది. మీ పెళ్ళి కోసం నా కూతుర్ని అలా చెయ్యమంటారా?"

అప్పటికే స్కూలు నుంచి వచ్చిన పిల్ల తలుపు పక్కన నిలబడి వింటోంది. పదేళ్ళు. నేనింగ్ నుదురు, నేనింగ్ పెంకి చూపు. సంచీ దించకుండానే అడిగింది.

"స్కూలు కాగితంలో మా అమ్మ అని రాసున్నది మీ పేరేనా?"

డెల్ఫినా తల ఊపింది.

"అయితే మా అమ్మ పేరేంటి?"

ముసలావిడే కొడుకు వైపు తిరిగింది. "చెప్పరా. పదేళ్ళ బట్టీ ఆ పిల్ల నా కల్లోకొస్తోంది. గుమ్మం దగ్గరే నిలబడుతుంది. లోపలికి రా డెల్ఫినా అంటాను. రాదు. నా మీద కోపమేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. పిలిచిన పేరు తనది కాకపోతే ఎలా వస్తుందిరా?"

అమడోర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి, "హెర్మీనియా" అన్నాడు. "మీ అమ్మ పేరు హెర్మీనియా." పిల్ల ఆ పేరును పెదాలతో ఒకసారి చప్పుడు లేకుండా పలికి చూసుకుంది.

ఇలోఇలో చేరగానే డెల్ఫినా హెన్రిక్‌కి అంతా చెప్పింది, క్లినిక్ తలుపు వేసుకున్న సంగతితో సహా. ఆ ముక్క ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన చాలాసేపు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. "మెట్ల మీద నేనన్న మాట తప్పు" అన్నాడు. ఆయన కాగితం గడువు తీరిపోయింది, తరవాత వీసా గడువూ తీరింది. కొత్త కాగితంతో తిరిగొస్తానని వెళ్ళాడు. వస్తాడో రాడోనని క్లినిక్‌లో వాళ్ళు పందేలు కాశారు. ఆయన మటుకు రోజూ ఫోన్ చేశాడు.

కేసు వేసినట్టు మూడు వారాలు పేపర్లో ప్రకటన పడింది. డెల్ఫినాకి పెళ్ళికూతురితో సంబంధం లేదంటూ అచ్చయిన ఆ చిన్న అక్షరాలు చదివినప్పుడల్లా, చెల్లెల్ని రెండోసారి గుమ్మంలోంచి పంపేస్తున్నట్టు ఉండేది ఆమెకి. మూసిన తలుపు కలల్లోకి రావడం మొదలైంది. అవతల ఎవరో ఉన్నారని తెలుస్తుంది. గడియ చేతికి దొరకదు.

మొదట రానన్న అమడోర్, కూతురికి వాళ్ళమ్మ అసలు పేరు దక్కాలని మనసు మార్చుకుని, వాయిదా నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

జడ్జి అడిగాడు. "మీరు పెళ్ళాడింది ఈవిడనేనా?"

"కాదండి."

"మరెవర్ని?"

"హెర్మీనియా సుమగాయ్‌సాయ్ అండి. ఈవిడ చెల్లెలు. లేదు ఇప్పుడు."

"ఆవిడ మరణం నమోదైందా?"

"లేదండి. కాగితాల్లో ఇంకా బతికే ఉంది."

ఆ మాటకి గదిలో రాసుకుంటున్న మనిషి కూడా కలం ఆపాడు. డెల్ఫినా పక్కనున్న ఖాళీ కుర్చీలోకి చూడకుండా ఉండలేకపోయింది.

తీర్పు ఏడు నెలలకి వచ్చింది. పెళ్ళి రికార్డులో వధువు గళ్ళన్నీ కొట్టేయమన్నారు. వరుడు మాత్రం మిగిలాడు, ఎవర్ని చేసుకున్నాడో తెలియని వరుడు. జోవెలిన్ పుట్టిన కాగితంలో తల్లి పేరు మార్చడానికి ఇంకో కేసు వెయ్యాలంది అటార్నీ. "అది నీ పెళ్ళికి అడ్డం కాదు, నీ ఇష్టం" అంది.

"వెయ్యండి. వాళ్ళమ్మ పేరు దానికి రావాలి" అంది డెల్ఫినా.

అంతకన్నా ముందు తినగ్‌దాన్ మునిసిపల్ హాల్లో పదేళ్ళు ఆలస్యంగా చావు నమోదు చేయించారు. మంత్రసాని వచ్చి వేలిముద్ర వేసింది. చనిపోయినవారి వయసు అన్న గడిలో గుమాస్తా పద్దెనిమిది అని రాస్తుంటే డెల్ఫినా అక్కడే, బల్ల అంచు పట్టుకుని, మొదటిసారి ఏడ్చింది. అమడోర్ తాకలేక, తాకకుండా ఉండలేక ఆమె భుజం దగ్గర చెయ్యి గాలిలో ఉంచేశాడు.

సమాధి పలక మార్చారు. వెంటనే ఇసిద్రా కొత్త పేరుతో తొమ్మిది రోజుల ప్రార్థన పెట్టించింది. ఆఖరి రోజు డెల్ఫినా వెళ్ళింది. "వచ్చిందా?" అని అడిగింది ముసలావిడని.

"రాలేదమ్మా. గుమ్మం దగ్గర కూడా కనపడ్డం లేదు. వెళ్ళిపోయిందేమో."

అందరూ సంతోషించారు. డెల్ఫినాకి మటుకు గుండెలో ఒక గది ఖాళీ అయినట్టయింది. తన కల్లో తలుపు ఇంకా అలాగే ఉందని ఎవరికీ చెప్పలేదు.

హెన్రిక్ కొత్త కాగితంతో తిరిగొచ్చాడు. ఫిబ్రవరిలో ఇలోఇలో సిటీ హాల్లో పెళ్ళి. జోవెలిన్ ముందు వరసలో కూర్చుంది. రిజిస్ట్రారు పుస్తకం తెరిచి, "డెల్ఫినా సుమగాయ్‌సాయ్" అని పిలిచాడు.

ఆమె వెంటనే పలకలేదు. ఇంకెవరైనా పలుకుతారేమోనని, ఊపిరి బిగబట్టి కొంచెంసేపు ఆగింది. హెన్రిక్ ఆమె మోచెయ్యి తాకాడు.

"ఉన్నానండి" అంది.