మడతలక్క నేర్పిన పన్నెండు జతల చేతులు

చొక్కా మడత పెట్టడం కూడా ఒక విద్యేనా అని మీరు అనుకుంటున్నారంటే, మీరెప్పుడూ మడతలక్క పక్కన నిలబడి చూడలేదన్నమాట. చొక్కాను బల్ల మీద బోర్లా పరిచి, వీపున అట్ట పెట్టి, రెండు చేతులూ వెనక్కి మడిచి, కింది అంచు పైకి లాగి, కాలరు దగ్గర రెండు పిన్నులు గుచ్చి, తిరగేసి, ప్లాస్టిక్ కవర్లోకి తోసేదాకా ఆవిడకు పట్టేది అర నిమిషం. ఆ బట్టల ఫ్యాక్టరీ మడతల హాల్లో ఉన్న మిగతా ఇరవై ముగ్గురు ఆడవాళ్ళకూ పని నేర్పింది ఆవిడే. ఆవిడ సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

అలాంటి మనిషికి ఈమధ్య యజమాని స్వయంగా కుర్చీ వేయించాడు. ఇరవై ఏళ్ళుగా 'ఏయ్, ఇలా రా' తప్ప ఇంకో మాట అనని మనిషి! ఇంజినీరమ్మాయి వచ్చి ఆవిడ చేతులకు తీగలున్న గ్లవుజులు తొడిగింది. నెత్తిమీద కెమెరా బిగించింది.

"నీ పనితనం చిరకాలం నిలిచిపోవాలి. అందుకే ఇదంతా" అన్నాడు యజమాని.

మడతలక్క ఉబ్బితబ్బిబ్బయిపోయింది. ఎందుకు, ఏమిటి అని అడగాలని కూడా తోచలేదు. మూడు వారాలు ఆ గ్లవుజులతోనే చొక్కాలు మడిచింది. నాలుగో వారం సోమవారం పొద్దున లారీలోంచి పన్నెండు యంత్రాలు దిగాయి. తలల్లేవు, కాళ్ళల్లేవు. ఒక్కోదానికి ఒక ఇనప స్తంభం, దానికి రెండు చేతులు, అంతే. మధ్యాహ్నానికి గోడ మీద నోటీసు పడింది. శుక్రవారం చొక్కాలకు ఆర్డరివ్వబోయే కొనుగోలుదారు ముందు యంత్రాలు పరీక్ష నెగ్గితే, వచ్చే సోమవారం నుంచి మడతల హాల్లో మనుషులతో పని లేదట.

"బాగుంది మరదలా, చాలా బాగుంది" అంది పక్క బల్ల దగ్గర పనిచేసే వదిన. ఈ వదిన ఆవిడ మొగుడికి సొంత అక్క, ఒకే ఇంట్లో ఉంటారు. "నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు సరే, అందులో నాకు కూడా పక్క వేయాలా?"

మామూలుగా అయితే మడతలక్క నవ్వేసేది. ఆ రోజు నవ్వు రాలేదు. భయం వేసింది. ఆవిడ మొగుడు బస్సులో టిక్కెట్లు కోసేవాడు. ఆ పని యంత్రానికి పోయాక ఇంట్లో వంట చేస్తున్నాడు. అది ఆయనకు ఎంత కష్టమో తినేవాళ్ళకు అంతకు రెండింతలు. ఇల్లు నడుపుతున్న రెండు జీతాలూ ఈ హాలువే. రెండూ ఒకేసారి పోతే?

మంగళవారం యంత్రాలకు మొదటిసారి కరెంటిచ్చారు. యజమాని, సూపర్‌వైజరు, ఇంజినీరమ్మాయి ముందు నిలబడ్డారు, ఆడవాళ్ళంతా వెనక. యంత్రాలు చొక్కాలు పరిచాయి. మడిచాయి. అంచు లాగాయి. సరిగ్గా మడతలక్క మడిచినట్టే! హాలంతా ఉసూరుమంది. మడతలక్కకు మాత్రం, చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, లోపల ఎక్కడో కాస్త గర్వంగానే ఉంది.

అప్పుడు పన్నెండు యంత్రాలూ మడిచిన చొక్కాల మీద రెండేసి సార్లు తట్టాయి. తట్టి, కుడిచేయి పైకెత్తి, లేని ముక్కు మీద లేని కళ్ళజోడును పైకి తోసుకున్నాయి.

"అదేంటది?" అన్నాడు యజమాని.

"కళ్ళజోడు సర్దుకుంటోంది సార్" అంది ఇంజినీరమ్మాయి మెల్లగా.

"దానికి కళ్ళజోడెక్కడిది?"

"కళ్ళే లేవు సార్. కానీ నేర్పిన ఆవిడకు రెండూ ఉన్నాయి కదా."

ఇంకో నాలుగు చొక్కాలయ్యాయి. యంత్రాలు రెండు చేతులూ వెనక్కి పెట్టి జుట్టు ముడి వేసుకున్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. యజమాని అదేం పట్టించుకోకుండా మొదటి యంత్రానికి ఎడమపక్కగా వెళ్ళి నిలబడి, "మూడు నెలల్లో ఈ దేశంలోనే మనది మొదటి ఫ్యాక్టరీ అవుతుంది, చూస్తూ ఉండు" అన్నాడు సూపర్‌వైజరుతో. యంత్రం ఎడమచేయి లేచి ఆయన ముఖం ముందు విసురుగా ఊగింది.

ఆ విసురు ఏమిటో హాల్లో అందరికీ తెలుసు. మడతలక్కకు ఎడమపక్క వదిన ఉంటుంది. తనను చేసుకోవడానికి పదిహేనుమంది పెళ్ళికొడుకులు వరసకట్టారని, అందులో ఒకడు ఇప్పటికీ పెళ్ళి మానుకుని తిరుగుతున్నాడని పొద్దస్తమానం కోతలు కోస్తుంది. కోసినప్పుడల్లా మడతలక్క "ఛ, పో వదినా!" అని చేయి విసురుతుంది. ఇప్పుడు పన్నెండు యంత్రాలు వరసగా యజమానిని ఛ, పొమ్మన్నాయి.

ఇరవై నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. వదిన అయితే బల్ల కిందికి జారిపోయింది. యజమాని ముఖం కందగడ్డయింది.

బుధవారం మడతలక్కకు మళ్ళీ గ్లవుజులు తొడిగారు. ఈసారి తట్టకూడదు, సర్దుకోకూడదు, విసరకూడదు. పాపం, మనస్ఫూర్తిగానే ప్రయత్నించింది. తట్టకపోయేసరికి పిన్ను గుచ్చిందో లేదో తెలిసేది కాదు. కళ్ళజోడు తోసుకోకపోయేసరికి అది జారి చొక్కాలో పడింది, చొక్కా మడతలో పడింది, మడత కవర్లో పడింది. తొమ్మిది కవర్లు విప్పితే గాని దొరకలేదు. మిగతావాళ్ళను కూర్చోబెట్టి చూశారు. ఒకావిడ ప్రతి కాలరు మీదా ఉఫ్‌మని ఊదుతుంది. ఇంకొకావిడ మడతకోసారి మెటికలు విరుస్తుంది. వదిన మాట్లాడకుండా మడవలేదు, మాట్లాడాలంటే ఆవిడకు రెండు చేతులూ కావాలి.

గురువారానికి యజమాని ఓపిక చచ్చిపోయింది.

"ఒక్క చొక్కా మడవడానికి ఇంత రాద్ధాంతమా? ఇలా తే ఆ గ్లవుజులు. నేను నేర్పిస్తా. పాతదంతా తీసిపారేసి, నేను చేసింది ఎక్కించు. ఒక్క ముక్క కూడా వదలొద్దు!"

"అంతా ఎక్కించమంటారా సార్?" అడిగింది ఇంజినీరమ్మాయి.

"అంతా అన్నానా లేదా?"

ఆ అమ్మాయి ఇంకోసారి అడగలేదు. తెలివైన పిల్ల.

యజమాని మడతలక్క కుర్చీలో కూర్చుని చొక్కా పరిచాడు. ఒక చేయి మడిచాడు. రెండోది మడవబోతే మొదటిది ఊడొచ్చింది. గడియారం చూసుకున్నాడు. ఎడమపక్క నిలబడ్డ సూపర్‌వైజరుకు వేలు చూపించి, "నువ్వు పట్టు" అన్నాడు. తర్వాత నీళ్ళు తెమ్మని వేలు, ఫ్యాను పెంచమని వేలు, ఫోనందుకోమని వేలు. సాయంత్రం దాకా ఆ గ్లవుజుల చేతులు చేసిన పని అదే. సూపర్‌వైజరు చేత కవర్లో పెట్టించిన నాలుగు చొక్కాలు చూసుకుని, "ఇంతే కదా!" అంటూ యజమాని లేచాడు.

ఆ రాత్రి మడతలక్క అన్నం సగంలోనే వదిలేసింది. వంట బాగాలేదేమోనని మొగుడు బెంగపడ్డాడు. వంట బాగాలేని మాట నిజమే గాని, కారణం అది కాదు.

శుక్రవారం పదింటికి కొనుగోలుదారు వచ్చింది. అనవసరంగా ఒక్క మాట మాట్లాడని పెద్దావిడ. ఇరవై నలుగురినీ గోడ వారగా, యంత్రాల వరసకు ఎడమ చివర నిలబెట్టారు. ముందు మడతలక్క, ఆవిడ వెనక వదిన. ఈ పది నిమిషాల్లో తమ బతుకు తేలిపోతుందని అందరికీ తెలుసు. వదిన కూడా నోరు మూసుకుందంటే చూసుకోండి.

కరెంటిచ్చారు. పన్నెండు యంత్రాలూ చొక్కాలు పరిచి, ఒక్కో చేయి మడిచాయి. రెండోది మడవబోయాయి. మొదటిది ఊడొచ్చింది. పన్నెండు యంత్రాలూ మణికట్టు ఎత్తి, లేని గడియారాలు చూసుకున్నాయి. ఆ తర్వాత పన్నెండు చేతులు ఒక్కసారిగా చాచి ఎడమవైపు వేళ్ళు చూపించాయి.

పన్నెండోది పదకొండోదానికి చూపించింది. పదకొండోది పదోదానికి. అలా వరసంతా, నువ్వు చెయ్యంటే నువ్వు చెయ్యని. ఒక్కటీ చొక్కా ముట్టలేదు. కాసేపు చూసి, ఇంకా కానివ్వరేమని విసుక్కున్నట్టు వేళ్ళు ఆడించడం మొదలుపెట్టాయి. మొదటి యంత్రానికి ఎడమపక్క ఇంకో యంత్రం లేదు. దాని వేలు నేరుగా మడతలక్క వైపు ఉంది.

కొనుగోలుదారు ఆ వేళ్ళ వెంబడే చూస్తూ చివరిదాకా వచ్చి ఆగింది.

మడతలక్కకు నవ్వు పొంగుకొస్తోంది. పెదవి కొరికి పట్టుకుంది. వెనక నుంచి వదిన నడుము మీద పొడిచింది. కానీ ఆవిడ కదిలింది అందుకు కాదు. కళ్ళముందు చొక్కా సగంలో పడి ఉంటే ఆ చేతులు ఊరుకోలేవు. వెళ్ళింది, పరిచింది, మడిచింది, పిన్నులు గుచ్చింది, రెండుసార్లు తట్టింది. కళ్ళజోడు పైకి తోసుకుని, కొనుగోలుదారు చేతికి అందించింది.

ఆ పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కాలరు మీద వేలితో రాసింది.

"నాకు ఇది కావాలి" అంది. "నలభై వేల చొక్కాలు. అన్నీ ఇలాగే ఉండాలి."

మడతలక్క యజమాని వైపు తిరిగింది.

"మేం ఇరవై నలుగురం సార్. సోమవారం ఎన్నింటికి రమ్మంటారు?"

యజమాని అలవాటుగా వేలెత్తాడు. ఎదురుగా ఆడుతున్న పన్నెండు వేళ్ళు కనిపించాయి. ఎత్తిన వేలు మెల్లగా దించి, చేయి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఎనిమిదింటికి" అన్నాడు. కాస్త ఆగి, "రండమ్మా" అన్నాడు.